గుర్రపు డెక్కతో కాగితం: మా సంఘం నేర్చుకున్నది
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



మార్కాపురం పలక ఎంత పేరుమోసిందో మీకు చెప్పక్కర్లేదు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ పని తగ్గిపోయింది. పలకల పని చేసిన చేతులతోనే మేమిప్పుడు కాగితం తీస్తున్నాం. అస్సాంలో దీపర్ బీల్ సరస్సు దగ్గర గుర్రపు డెక్కతో కాగితం చేస్తున్నారని విని, మా చెరువును కమ్మేసిన డెక్క మీదే పడ్డాం.

వేర్లు, ఆకులు తీసేసి కాడలే వాడాలి. డెక్కలో నూటికి తొంభై పాళ్లు నీళ్లే. వంద కిలోలు కోస్తే ఎండాక పది కిలోలు కూడా మిగలదు. మొదటిసారి సగం ఎండినవే గోతాలకెత్తాం, బూజు పట్టి అన్నీ పారబోశాం. ఎండిన కాడలను ముక్కలు చేసి, సోడా వేసి ఇనుప డ్రమ్ములో ఉడికించాలి. అల్యూమినియం గిన్నె వద్దు, సోడా దాన్ని తినేస్తుంది. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. జిగురు పోయేదాకా కడిగి, రోట్లో దంచాలి. ఉత్త డెక్కతో చేస్తే కాగితం అప్పడంలా విరిగింది. టైలర్ల దగ్గర నూలు గుడ్డ ముక్కలు తెచ్చి గుజ్జు చేసి కలిపాక నిలిచింది. పాలిస్టర్ ముక్కలు పనికిరావు. జల్లెడ చట్రంతో గుజ్జును ఎత్తి, గుడ్డ మీద బోర్లించి, పైన పలకరాళ్లు పెట్టి నీళ్లు పిండుతున్నాం.

అసలు కష్టం నీళ్లు. ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టే ఊళ్లు మనవి. అందుకే కార్తీకం నుంచి శివరాత్రి దాకానే ఈ పని. ఆఖరిసారి కడిగిన నీళ్లు దాచి, మరుసటి విడతకు మొదటి కడుగుడుకు వాడతాం. సోడా నీళ్లు చెరువులో పొయ్యం, గొడ్లు తాగే చెరువది.

రుబ్బే యంత్రానికి అప్పు తీసుకుందామని కొందరం పట్టుబట్టాం. రెండు మీటింగులు వాదులాడుకున్నాం. వాన పడని ఏడు చెరువే ఎండితే డెక్క ఎక్కడిది? కిస్తీ మాత్రం ఆగదు కదా! అందుకే ఈ ఏడు రోలే చాలని తీర్మానం రాసుకున్నాం.

సమాఖ్యను రెండే అడుగుతున్నాం. మన ఆఫీసు ఫైలు అట్టలు మా దగ్గర కొనండి. ఆర్డర్లు నిలకడగా వస్తేనే, అన్ని సంఘాలకూ కలిపి ఒక యంత్రం ఆలోచించండి.

చివరగా ఒక మాట. కాగితం కోసమని ఎవరూ డెక్కను కొత్త చెరువులో వెయ్యకండి. కంభం చెరువు వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటాం. 2020లో దానికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఒక ఆడమనిషి పేరు నిలిపిన చెరువుండే సీమ మనది. ఉన్న డెక్క తీద్దాం, లేనిచోటికి తీసుకుపోవద్దు.