కేంద్రంలో పోయని గ్లాసెడు పాలు

సంఘ సభ్యులారా,

మేము తనిఖీకి వచ్చినప్పుడల్లా తూకం, వెన్న శాతం, బకాయిలు, ఈ మూడింటి గురించే మాట్లాడి వెళ్తాము. ఈ రోజు కేంద్రంలో పోయని పాల గురించి రెండు మాటలు చెప్పదలిచాము.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలతో ఏర్పడతాయి. వాటిలో తొమ్మిదింటిని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. అందులో ఒకటి లైసిన్. 1889లో డ్రెక్సెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దీన్ని మొదట వేరు చేసింది పాలలోని కేసిన్ నుంచే. పిల్లల ఎదుగుదలకు, కండకు, ఎముకకు ఇది కావాలి.

మన అనంతపురం మెట్టలో తిండి అంటే రాగి, జొన్న, కొర్ర, ఇప్పుడు చౌకడిపో బియ్యం. రాగిలో కాల్షియం దండిగా ఉంది, కాదనము. లైసిన్ మాత్రం వీటన్నిటిలో తక్కువే. గ్రాము మాంసకృత్తులో 45 మిల్లీగ్రాముల లైసిన్ ఉండాలని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు పెద్దలకు లెక్క కట్టారు. జొన్నలో ఉండేది అందులో ఇంచుమించు సగమే. ఊరిబిండి తింటున్నాము కదా అంటారేమో! చెనక్కాయలోనూ ఈ కొరత ఉంది. దాన్ని తీర్చేవి కంది, ఉలవ, అలసంద. వాన తప్పిన ఏడు చెనక్కాయతోపాటు అందులో వేసిన కంది సాళ్లూ పోతాయి. కొనుక్కోవలసి వస్తే ఇంట్లో ముందు పలచబడేది పప్పే.

ఈ విషయంలో గేదె మనకంటే నయం. చొప్ప, చెనక్కాయ చెక్క తిని, కడుపులోని సూక్ష్మజీవుల చేత లైసిన్ చేయించుకొని పాలలోకి దింపుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసెడు పాలలో అది సుమారు అర గ్రాము. 50 కిలోల మనిషికి రోజుకు కావలసింది ఒకటిన్నర గ్రాము.

రెండు పూటలా చివరి చుక్క వరకు కేంద్రంలో పోసి, బిడ్డలకు పాలు లేని టీ ఇచ్చే ఇళ్లు మేము చూశాము. తప్పు పట్టము. పశువు అప్పు వాయిదా, చెక్క ధర మాకు తెలియనివి కావు. పాల సేకరణ పెంచమని చెప్పే ఉద్యోగమే మాది. అయినా చెబుతున్నాము: పిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో వారి గ్లాసు పక్కన పెట్టిన తర్వాతే పాలు కేంద్రానికి రావాలి.

అంత తీయలేని వారు కొన్ని పాలు తోడు వేసుకోండి. వెన్న తీసి నెయ్యి అమ్ముకున్నా లైసిన్ మజ్జిగలోనే నిలుస్తుంది, నెయ్యిలో పోదు. కాకపోతే చెంబు మజ్జిగలో బిందెడు నీళ్లు కలిపితే లాభం లేదు. సంగటి, పప్పు, మజ్జిగ ఒకే ముద్దలో కలవనక్కరలేదు, ఆ రోజు తిండిలో ఉంటే చాలు.

సందేహాలుంటే కార్యదర్శి గారు పద్దులు చదివిన తర్వాత అడగండి, ఉంటాము.