చేదు లేదని గ్లాసు ఎత్తేశా!

ఎగ్జామ్స్ వచ్చాయంటే మా తమ్ముళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, రాత్రంతా మేలుకోవాలి, ఇంట్లోనే బాగా స్ట్రాంగ్ కాఫీ ఎలా చేసుకోవాలి?"

చెప్తా. ముందు నేను చేసిన పిచ్చిపని వినండి. జాబ్‌లో ఉన్నప్పుడు ఒక రిలీజ్ నైట్ కోసం కోల్డ్ బ్రూ పెట్టా. 100 గ్రాముల రోబస్టా పొడి, 700 ఎంఎల్ చల్లనీళ్లు, రాత్రంతా ఫ్రిజ్‌లో. వడకడితే అర లీటర్ వచ్చింది. తాగితే పెద్దగా చేదే లేదు! "ఇదేం స్ట్రాంగ్ రా" అనుకుని 250 ఎంఎల్ గ్లాసు నిండా పోసుకుని ఎత్తేశా. గంటకల్లా గుండె దడదడ. కీబోర్డ్ మీద వేళ్లు నిలవట్లేదు. తెల్లవారుజామున అమ్మ లేచి చూసి, "చేతులేంట్రా అలా వణుకుతున్నాయి?" అంది. కాఫీ వల్ల అంటే నమ్ముతుందా?

తర్వాత కూర్చుని లెక్కేశా. రోబస్టా బరువులో సుమారు 2 శాతం కెఫీన్. అంటే 100 గ్రాముల్లో 2000 మిల్లీగ్రాములు. అందులో సగమే నీళ్లలోకి దిగిందనుకున్నా, నా గ్లాసులో 500. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 దాకా పర్లేదంటుంది అమెరికా ఎఫ్‌డీఏ. నేను ఒక్క గ్లాసులోనే దాటేశా!

మనం బోల్తా పడేది ఇక్కడే. నాలుక కెఫీన్‌ని కొలవలేదు. చికరీ కలిపిన డికాషన్ నల్లగా, చిక్కగా భలే ఉంటుంది, కానీ చికరీలో కెఫీన్ సున్నా. మన అరకు కాఫీ అరబికా రకం, రోబస్టాలో ఉన్నదాంట్లో దాదాపు సగమే ఉంటుంది.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. 50 గ్రాముల రోబస్టా, 500 ఎంఎల్ నీళ్లు, ఫ్రిజ్‌లో 12 గంటలు. వడకడితే 400 ఎంఎల్ దాకా వస్తుంది. గ్లాసుకి 60 ఎంఎల్ కొలిచి, మిగతాది పాలు, ఐస్. పొడిలోని కెఫీన్ మొత్తం దిగిపోయినా 150 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. రోజుకి అలాంటివి రెండు, అంతే. బీపీ, గుండె సమస్య ఉన్నవాళ్లు, ప్రెగ్నెంట్‌గా ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా దీని జోలికెళ్లొద్దు.

ఇంకోటి, తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి పదింటికి తాగి, పన్నెండింటికి పడుకుందామంటే నిద్రెక్కడ్నుంచి వస్తుంది?

ఆన్‌లైన్‌లో దొరికే ప్యూర్ కెఫీన్ పౌడర్ మాత్రం వద్దు బాబోయ్. ఒక్క టీస్పూన్ సుమారు 28 కప్పుల కాఫీతో సమానం. అమెరికాలో దాంతో ప్రాణాలే పోయాయి. వంటింటి చెంచాతో కొలిచే వస్తువు కాదది.

ఆ, బాటిల్ మీద పెద్దక్షరాలతో "నేరుగా తాగొద్దు" అని రాసి పెట్టండి. మా నాన్న కూల్‌డ్రింక్ అనుకుని ఎత్తబోయారు!