గరికయు గడ్డితివాసియు
(సంఘ వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



మనము పగలెల్ల ఆంగ్ల పత్రముల నడుమ మెలగువారము. ఆ భాషలోని పదములు తెలిసినను, వాని వెనుకనున్న ఉపమానము ఒక్కొక్కప్పుడు మనకు చిక్కదు. పెద్ద కంపెనీలు ప్రజాభిప్రాయమును తమవైపు త్రిప్పుకొను తీరును తెలుపు మాటలలో ఈ చిక్కు మరింత హెచ్చు. లాబీ యనగా శాసనసభ ముందుసాల యని తెలిసిన చాలును, తక్కినది ఊహకందును. 'ఆస్ట్రోటర్ఫింగ్' అంత సులభముగా లొంగదు.

దానికి ముందు 'గ్రాస్ రూట్స్' ఎరుగవలెను. 'గడ్డివేళ్లు' అని మార్చినచో తెలుగువానికి ఏమియు తోచదు. గరికను తలచుకొనుడు. కణుపు కణుపున వేరు దిగును; ఎండకు మాడినను తొలకరికి చిగుర్చును. ఒకరు నాటకయే సామాన్యజనులలో పుట్టిన కదలికకు ఆ పేరు.

ఇక రెండవ మాట. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రపు హ్యూస్టన్ నగరమున, 1965లో ఆస్ట్రోడోమ్ అను పైకప్పుగల క్రీడారంగము వెలసినది. కప్పునుండి వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులను మిరుమిట్లు గొల్పగా కప్పుపలకలకు రంగు పూసిరి. ఎండ చాలక లోపలి పచ్చిక చచ్చినది. 1966లో కృత్రిమపు గడ్డి పరచిరి. ఆస్ట్రోటర్ఫ్ అనునది అదియే. 1985లో ఆ రాష్ట్రపు సెనేటరు లాయిడ్ బెంట్సెన్, బీమా వ్యాపారులకు అనుకూలముగా తనకు గుట్టలుగా వచ్చిన ఉత్తరములను చూచి, టెక్సాస్ వానికి ఆ రెంటి భేదము తెలియదా యను భావమున మాటాడెను.

ఒక నిదర్శనము. 1993లో ధూమపాన నిషేధములను ఎదిరించుటకై 'నేషనల్ స్మోకర్స్ అలయన్స్' ఏర్పడినది. పేరు పొగత్రాగువారిది, ధనము ఫిలిప్ మారిస్ సిగరెట్ల కంపెనీది, నడిపించినది బర్సన్ మార్‌స్టెలర్ అను ప్రచారసంస్థ. అయినను అందు చేరినవారు కల్పితులు కారు. నిజముగా పొగత్రాగువారు, నిజముగా కోపము వచ్చినవారు. కావుననే దీనిని 'దొంగ ఉద్యమము' అని తెనిగించుట నాకు సమ్మతము కాదు. ఆ నింద చేరినవారిపై పడును; దాచబడినది ధనమిచ్చిన చేయి.

మన పల్లెలలో దూడ చనిపోయినప్పుడు దాని చర్మమున గడ్డి కూర్చి ఆవు ముందు నిలుపుట కలదు. ఆవు దానిని నాకి చేపును. పాలు పితుకువాని చెంబులోనికి పోవును. చర్మము నిజమైనదే, లోపలిది మాత్రము గడ్డి. ఆవునకు బదులు శాసనసభ్యుని, పాలకు బదులు చట్టమును ఉంచి చూడుడు. 'గడ్డి కూర్చిన దూడ' యనిన మాట పొడవైనది, ఫైలు నోటులో వ్రాయుటకు బాగుండదు. ఇంతకంటె కుదురైన తెలుగుమాట ఈ సభలో ఎవరికైన తోచినచో వినగోరుచున్నాను.