ముష్టియుద్ధము: ఎవరి శిక్షణ ఎవరికి?

నిజామాబాదుకు చెందిన కుమారి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ నగరమునను, 2023లో న్యూఢిల్లీయందును ప్రపంచ విజేతగా నిలిచిన తరువాత, బాక్సింగ్ అని మనము పిలుచు ముష్టియుద్ధము తెలుగువారికి పరాయి విద్యగా తోచుట మానినది. ఈ విద్య నేర్తుమని ముచ్చటపడు బాలబాలికలు మన యిండ్లలోను ఉండవచ్చును. అట్టివారికి సలహాలకు కొదువ లేదు. పేరుమోసిన వృత్తి యోధుడు ఉదయమున ఎన్ని మైళ్లు పరుగెత్తునో, ఎన్ని రౌండ్లు సంచిని గుద్దునో, పోటీకి ముందు బరువు నెట్లు తగ్గించునో తెలిసికొనుట నేడు కష్టము కాదు. అయితే ఆ యోధునికి మేలు చేసిన సలహా, ఒలింపిక్ పద్ధతిలో పోటీచేయు ఔత్సాహికునికి కూడ మేలు చేయునా? ఇదియే మనము విచారింపవలసిన ప్రశ్న.

పేరొకటే గాని, ఇవి రెండు వేర్వేరు పరీక్షలు. ఔత్సాహికుల పెద్ద పోటీలలో స్త్రీలకును, పురుషులకును మూడేసి నిమిషముల రౌండ్లు 3 మాత్రమే. వృత్తి యోధుడు సాధారణముగ 4 రౌండ్ల పోటీలతో ఆరంభించి, ప్రపంచ బిరుదు పోటీనాటికి 12 రౌండ్లకు చేరును. వృత్తి రంగమున స్త్రీలకు సాధారణముగ రెండేసి నిమిషముల రౌండ్లు. బిరుదు పోటీకి 10. చేతితొడుగులు ఔత్సాహికులకు బరువు తరగతిని బట్టి 10 లేక 12 ఔన్సులు. వృత్తి యోధులకు 8 లేక 10. ఔత్సాహికుడు కొలది దినములలోనే నలుగురైదుగురితో తలపడవలసి వచ్చును. నిఖత్ ఇస్తాంబుల్‌లో వరుసగా ఐదుగురిని గెలిచి స్వర్ణము నందెను. వృత్తి యోధునికి ఒకే ప్రత్యర్థి. అతని కొరకు సిద్ధపడుటకు వారముల కొలది వ్యవధి.

ముందుగా రెండింటికిని సమానమైన దానిని చూతము. కాళ్ల నడుమ ఎంత ఎడముండవలెను, గడ్డము నెట్లు దించుకొనవలెను, ముందుచేతితో సూటిగ పొడిచిన వెంటనే ఆ చేతిని ముఖరక్షణకు ఎట్లు మరల తేవలెను, దెబ్బలోని బలము పాదమునుండి, నడుమునుండి ఎట్లు పుట్టును - ఈ పాఠములకు రంగభేదము లేదు. మణికట్టుకు పట్టీ చుట్టుట, ఊపిరి బిగబట్టక దెబ్బతోపాటు విడుచుట, చాలినంత నిద్రపోవుట - ఇవియు అంతే. నేల విడిచి సాము చేయరాదని మన పెద్దలన్నారు. కాలి నేర్పు కుదరనివానికి 3 రౌండ్లయినను, 12 రౌండ్లయినను ఫలిత మొక్కటే.

భేదము వచ్చునది కొలతలో. 9 నిమిషములలో ముగియు పోటీలో మొదటి రౌండు చేజారినచో, ఆ లోటు పూడ్చుకొనుటకు మిగులునవి రెండే. కావున ఔత్సాహికుడు గంట మ్రోగినది మొదలు వేగము చూపవలెను. అతని సాధనలో స్వల్పకాలపు తీవ్రమైన పరుగులకును, వరుస దెబ్బలకును ప్రాధాన్య ముండును. 36 నిమిషముల పోటీలో అదే వేగముతో దిగినవాడు సగము దారిలోనే డస్సిపోవును. అచట శక్తిని పొదుపు చేయుట, దగ్గరగ నిలిచి పెనగులాడుట, ప్రత్యర్థిని పక్కటెముకల క్రింద కొట్టి అతని కాళ్లను క్రమముగ బరువెక్కించుట నేర్వవలసిన విద్యలు.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ స్వర్ణము గెలిచిన అమెరికా వీరుడు పీట్ రాడెమాకర్, 1957 ఆగస్టు 22న సియాటిల్ నగరమున తన మొట్టమొదటి వృత్తి పోటీలోనే ప్రపంచ విజేత ఫ్లాయిడ్ పాటర్సన్‌ను ఎదిరించెను. రెండవ రౌండులో పాటర్సన్‌ను నేలకూల్చెను కూడ. కాని ఔత్సాహికుల పోటీ ముగిసిపోవు వేళకు ఆ పోటీ ఇంకను ఆరంభదశలోనే యున్నది. ఆరవ రౌండులో రాడెమాకర్ ఓడిపోయెను.

2008, 2012 ఒలింపిక్స్‌లలో స్వర్ణములు గెలిచిన ఉక్రెయిన్ యోధుడు వాసిల్ లోమచెంకో సైతము, 2014 మార్చిలో తన రెండవ వృత్తి పోటీలో, గెలుపోటములలో రాటుదేలిన ఓర్లాండో సాలిడో చేతిలో ఓడెను. సాలిడో అతనిని విడువక మీదబడి, నడుము భాగమున కొట్టుచు ఆధిక్యము సంపాదించెను. లోమచెంకో 12వ రౌండులో విజృంభించినను, అప్పటికే ఆలస్యమయ్యెను. అయినను ఆ జూన్ మాసముననే గారీ రస్సెల్‌ను గెలిచి ప్రపంచ బిరుదు నందెను. ఔత్సాహికునిగా అభ్యసించిన పాదచలనమే వృత్తి రంగమునను అతని పేరు నిలిపినది.

ఎదురు దారియు సులభము కాదు. 2016 రియో ఒలింపిక్స్‌లో తొలిసారిగ వృత్తి యోధులకు ప్రవేశ మిచ్చినప్పుడు, అంతకుముందు ప్రపంచ బిరుదు ధరించిన హసన్ ఎన్‌డామ్ తన మొదటి పోటీలోనే పరాజయము పొందెను.

సలహాకు కాలదోషము కూడ పట్టును. 1992 నుండి 2012 వరకు ఒలింపిక్స్‌లో న్యాయనిర్ణేతలు మీటలు నొక్కి దెబ్బలను లెక్కించెడివారు. స్పష్టముగ కనబడు సూటి దెబ్బకు లెక్క దక్కెడిది. దగ్గరనుండి కడుపుపై కొట్టిన దెబ్బ తరచుగ లెక్కకు రాకుండెడిది. 2013లో వృత్తి రంగమునందువలె రౌండుకు 10 పాయింట్ల పద్ధతి వచ్చెను. ఆ ఇరువది యేండ్లనాటి సలహా నేటి ఔత్సాహికునికే పూర్తిగ వర్తింపదు.

ఇంతవరకు చెప్పినవాటిలో పొరపడినచో కలుగునది ఓటమి. బరువు విషయమున పొరపడినచో ప్రాణమునకే ముప్పు. వృత్తి యోధుని సాధారణముగ పోటీకి ముందుదినమున తూచుదురు. అతడు చెమటపట్టించి దేహములోని నీటిని తగ్గించి తూకమునకు నిలిచినను, కోలుకొనుటకు ఇంచుమించు ఒక దినము దొరకును. అదియు ప్రమాదరహితము కాదు. ఔత్సాహికుని తూచునది పోటీ జరుగు దినపు ఉదయముననే. అతడు ఆ వృత్తి యోధుని అనుకరించినచో, ఎండిన దేహముతో, అలసిన గుండెతో బరిలో దిగవలసి వచ్చును. పెరుగుచున్న పిల్లలచేత ఇట్టి సాహసము చేయింపనే రాదు.

తలదెబ్బల సంగతియు అట్టిదే. తలతొడుగు చర్మము చిట్లకుండ కాపాడును గాని, లోపల మెదడు అదరుటను ఆపజాలదు. 12 రౌండ్లకు సిద్ధపడువానిని చూచి, అభ్యాసమున రౌండ్లపై రౌండ్లు తలపై దెబ్బలు తినుట పిల్లలకు శిక్షణ కాదు, శిక్ష.

కావున ఒక సలహా వినబడినప్పుడు తల్లిదండ్రులును, శిక్షకులును మూడు ప్రశ్నలు వేసికొందురు గాక. ఇది ఎన్ని రౌండ్ల పోటీకై చెప్పబడినది? తూకమునకును, బరిలో దిగుటకును నడుమ వ్యవధి యెంత? మరల ఎన్నాళ్లకు తలపడవలెను? చెప్పినవాడు ఎంతటివాడనునది ఆ తరువాతి ప్రశ్న. నిలుచుట, కదలుట, కాచుకొనుట ఏ రంగమువారు నేర్పినను కృతజ్ఞతతో నేర్వవచ్చును. వేగమును, బరువును, సాధనలోని దెబ్బల లెక్కను మాత్రము తాను దిగబోవు బరిని బట్టియే నిర్ణయించుకొనవలెను.