పెట్టె చెడినను పద్దు చెడరాదు

(మొఘల్‌పురాలో గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



చార్మినారుకు చేరువనున్న ఈ మొఘల్‌పురాలో మేము కంప్యూటర్ల మరమ్మతు చేయుచున్నాము. ఒకప్పుడు రెండు పంచాయతీల యంత్రములు మా యొద్దకు వచ్చెను. రెండింటను ఇంటిపన్ను జాబితాలు, గ్రామసభ తీర్మానముల ప్రతులు ఉండెను. రెండింటి తెరమీదను హార్డ్ డిస్కు కానరాదనియే వ్రాయబడియుండెను. మొదటిదానిలో కేబులు వదులైనది. దానిని బిగింపగా సర్వము దక్కెను. రెండవదానిలో డిస్కు టక్కుటక్కుమని మ్రోగుచుండగా దినమంతయు మరల మరల వెలిగించి చూచిరట. దానినుండి ఏమియు దక్కలేదు.

గాదె తలుపు తెరచుకొననంత మాత్రమున లోని ధాన్యము పోయినట్లు కాదు. డిస్కు కానరాకుండుట వేరు, అందలి పద్దులు నశించుట వేరు. ఈ భేదము నెరిగినచో సగము నష్టము తప్పును.

చేయవలసిన పనిని వరుసగా చెప్పెదము. మొదట పెన్ డ్రైవులను తీసివేసి యొకమారు తిరిగి వెలిగింపవలెను. పిమ్మట వెలిగించిన వెంటనే ఎఫ్2 గాని డిలీట్ గాని నొక్కినచో పెక్కు యంత్రములలో బయోస్ అను అమరికల పుట తెరచుకొనును. అందు డిస్కు పేరు కలదా యని చూడుడు. ఉన్నయెడల డిస్కు బ్రతికియున్నదని ఆశింపవచ్చును. వెలుగు క్రమము మారియుండును, లేదా విండోస్ చెడియుండును. తేదీ కూడ తప్పుగా నున్నచో లోనున్న నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీ అయిపోయి అమరికలు చెరిగియుండవచ్చును.

పేరు లేనియెడల యంత్రము నార్పి, ప్లగ్గు ఊడదీసి, ప్రక్క మూతను తెరువుడు. డిస్కునకు వచ్చు రెండు కేబుళ్లను, అనగా సమాచారపు కేబులును విద్యుత్తు కేబులును, రెండు కొసలయందును తీసి గట్టిగా నొక్కుడు. అప్పటికిని కానరానిచో వేరొక కేబులును, వేరొక రంధ్రమును ప్రయత్నింపవలెను. ల్యాప్‌టాప్ అయినచో ఈ పనిని తెలిసినవారికే విడువుడు.

అన్నిటికంటె ముఖ్యము, చెవియొగ్గి వినుట. టక్కుటక్కుమను శబ్దము వచ్చినచో తత్‌క్షణమే ఆర్పవలెను. తిరుగు పళ్లెముమీద వెండ్రుక మందముకన్న తక్కువ ఎడముతో చదువు ముల్లు తేలుచుండును. అది చెడి తగిలినచో వెలిగించిన ప్రతిమారును గీతలు పడును. డిస్కును తట్టరాదు, విప్పరాదు; ధూళి కణమొక్కటి చాలును చెరుపుటకు. నేటి ఎస్‌ఎస్‌డీలకు ముల్లు లేదు, శబ్దము లేదు. కావున వాని మౌనమును బట్టి ఏమియు నిర్ణయింపరాదు.

డిస్కును వేరొక కంప్యూటరుకు తగిలించినపుడు 'ఇనిషియలైజ్ చేయవలెనా, ఫార్మాట్ చేయవలెనా' యని అడుగును. ఒప్పుకొనకుడు. ముందు పద్దులను వేరొకచోటికి ఎత్తుకొని, తరువాతనే మరమ్మతు చేయవలెను. విండోస్‌లో బిట్‌లాకర్ తాళమున్నచో దాని రికవరీ కీ లేక పద్దులు తెరచుకొనవు. ఆ కీని ముందుగనే కాగితముపై వ్రాసి బీరువాలో భద్రపరచుడు.

మరమ్మతుకు ఇచ్చునపుడు డిస్కు సంఖ్యను వ్రాసికొని రసీదు పుచ్చుకొనుడు. పాత డిస్కును దుకాణమున విడిచిపెట్టకుడు. అందు గ్రామస్థుల స్వంత వివరములు గలవు.

2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో నమోదైన లెక్కలు దూరపు సర్వరులో నుండును. వేరొక కంప్యూటరునుండి ఆ పని సాగించుకొనవచ్చును. మీ డిస్కునందు మాత్రమే ఉన్నవేవో నేడే జాబితా వ్రాయుడు. వానికి 3 ప్రతులుండవలెను. అవి 2 విధముల సాధనములపై, 1 ప్రతి వేరొక భవనమున ఉండవలెను. 1908లో మూసీ వరద ఈ నగరమును ముంచెను. 2020 అక్టోబరులోను పాతనగరపు పలు బస్తీలలో ఇండ్లలోనికి నీరు వచ్చెను. ఒకే గదిలోనున్న ప్రతులన్నియు ఒకే నీట మునుగును. తడిసిన యంత్రమును వెలిగింపకయే నిపుణునికి చూపవలెను.

నెలకొకమారు ఆ ప్రతిని తెరచి చదివి చూడుడు. తెరచుకొనని ప్రతి ప్రతియే కాదు. ఈ బాధ్యత ఎవరిదో రాబోవు సమావేశమున తీర్మానించి మినిట్సులో వ్రాయుడు. యంత్రము మరల కొనవచ్చును. ఒక వృద్ధురాలి ఇంటిపన్ను చెల్లింపునకు సాక్ష్యమైన పద్దును కొనితెచ్చు అంగడి ఎచ్చటను లేదు.