ఇంగ్లీషు వాక్యంలో చుక్క, కామా



మహానంది, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు మన పిల్లలకు ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు, దరఖాస్తులో ఇంగ్లీషు. మాటలు నేర్చుకుంటున్నారు గాని విరామ చిహ్నాల దగ్గర తడబడుతున్నారు. ఇది తెలివి తక్కువై కాదు, లిపి అలవాటు.

ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. మన ఖత్మా చిన్న అడ్డగీత, ఇంగ్లీషులో అది చుక్క. మన సక్తా తలక్రిందులైన కామా. సవాలియా నిషాన్ కూడా అటు తిరిగి ఉంటుంది. పెద్ద అక్షరాలు ఉర్దూలోనూ లేవు, తెలుగులోనూ లేవు. అందుకే పిల్లలు మహానంది పేరును కూడా చిన్న 'ఎమ్'తో మొదలుపెడతారు.

కామాయే కదా అనుకోరాదు. 'ది సెక్రటరీ సెడ్ ది ట్రెజరర్ ఈజ్ అబ్సెంట్' అని రాస్తే రానివారు ట్రెజరర్ గారు. 'సెక్రటరీ' తర్వాత ఒక కామా, 'ట్రెజరర్' తర్వాత ఒక కామా పెట్టండి, రానివారు సెక్రటరీ గారు! మాట ఒక్కటీ మారలేదు.

ఇక 'మై ఫాదర్ ఈజ్ ఇల్, ఐ నీడ్ లీవ్' అన్నది రెండు వాక్యాలు. నడుమ కామా చాలదు. చుక్క పెట్టాలి, లేదా కామా తర్వాత 'సో' చేర్చాలి.

స్కాలర్‌షిప్ దరఖాస్తు చదివే అధికారి మన పిల్లవాణ్ణి చూడడు, కాగితాన్నే చూస్తాడు. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు సైతం సాయపడవచ్చు. బిడ్డచేత పైకి చదివించి, "బాబూ, సంగతి ఎక్కడ ముగిసింది? అక్కడ చుక్క ఉందా?" అని అడగండి. బడిలో మిగతా పని మేము చూసుకుంటాము.