బాసర సరస్వతీదేవియు మన ఆడుబిడ్డల చదువును
(మోర్తాడు వార్షిక మహాసభ యందలి ఉపన్యాసము)



ముప్పది యేండ్లు బడిలో అక్షరములు దిద్దించిన నన్ను నేడు మాటాడుమని మీ రాజ్ఞాపించితిరి. నాకు దెలిసినది చదువొక్కటియే. కావున చదువులతల్లిని గూర్చియే విన్నవించెదను.

మన మోర్తాడు నుండి నిజామాబాదు చేరి, అచ్చట రైలెక్కి గోదావరి దాటినచో బాసర వచ్చును. 2016 వరకు ఆదిలాబాదు జిల్లాలో నుండిన యీ క్షేత్రము ఇప్పుడు నిర్మల్ జిల్లాలో నున్నది. కురుక్షేత్ర సంగ్రామానంతరము వ్యాసమహర్షి శాంతిని గోరి యీ తీరమునకు వచ్చెననియు, దినమును మూడు పిడికిళ్ల యిసుక దెచ్చి సరస్వతీ లక్ష్మీ కాళీ మూర్తులను రూపొందించెననియు స్థలపురాణము. వ్యాసుని పేర వ్యాసపురి యనబడిన యూరే వాసరయై, బాసర యయ్యెనని పెద్దలందురు. వేదములను విభజించిన వానికి సైతము తుదకు విద్యాదేవతయే శరణ్యమైనది.

అమ్మవారి మూర్తికి పూసిన పసుపే అచ్చటి ప్రసాదము. దానిని రవంత నాలుకపై నుంచుకొన్నచో విద్యాబుద్ధులు కలుగునని భక్తుల నమ్మకము. పసుపు పండించు మనకు ఆ ప్రసాదము పరాయిది కాదు. వసంతపంచమి నాడును, దేవీనవరాత్రములందును అసంఖ్యాకులగు శిశువులకు అక్కడ అక్షరాభ్యాసము జరుగును.

నా అయిదవయేట నన్నును గొనిపోయిరి. నాకంటె మూడేండ్లు పెద్దదగు మా అక్క పలకయు బలపమును గల సంచి మోసికొని వచ్చెను. నన్ను ఒడిలో గూర్చుండబెట్టుకొని నాయన నాచేత ఓంకారము వ్రాయించెను. అక్క స్తంభము ప్రక్కన నిలిచి చూచుచుండెను. ఆమెను గూర్చుండుమన్న వారు లేరు. నేను సంస్కృతము చదివి ఉపాధ్యాయుడనైతిని. ఆమె పసుపుచేలలో కలుపు దీసెను.

పదియేండ్ల క్రిందట నొక పత్రముపై ఆమె వ్రేలిముద్ర వేయుట చూచి, “అక్కా, సంతకము నేర్పెద”నంటిని. “నాకిప్పు డెందుకు తమ్మీ, నా మనుమరాలికి నేర్పు” మనినది. ఆ బాలిక నేడు పదవతరగతిలో నున్నది. ఇక చాలు, మానిపింత మని యింటివారనుచున్నారు.

ఆర్యులారా! విద్య కధిదేవత స్త్రీమూర్తియే కదా! ఆమె సన్నిధిలో మా అక్క పలక మోయుటకే పరిమితమగుట క్షేత్రదోషము కాదు, మా దోషము. 2009 నాటి నిర్బంధ విద్యాచట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకే; తరువాతి భారము తల్లిదండ్రులది. 2008లో ఆ బాసరలోనే రాజీవ్‌గాంధీ విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయము వెలసినది. పదవతరగతి ముగించిన పల్లెపిల్లలు అందు జేరుచున్నారు. గుడివరకు గొనిపోయిన బిడ్డను బడివరకు గొనిపోలేమా?

కావున నా ప్రార్థన రెండు మాటలు. కుమారునితోపాటు కుమార్తెకును అక్షరాభ్యాసము చేయింతము. సంఘనిధినుండి మొదటి సాయము, పదవతరగతి పిమ్మట చదువాగు నిరుపేద బాలికకు చేరునట్లు ఈ సభ తీర్మానించుగాక. నా వంతుగా ఒక నెల పింఛను కోశాధికారిగారికి ఇప్పుడే సమర్పించుచున్నాను. మా అక్క మనుమరాలి యింటికి రేపు నేనే పోయి మాటాడెదను; పెద్దలలో నిరువురు నా వెంట రావలెనని వేడుచున్నాను.

స్వస్తి.